రాకర్లు మార్చాక టకటక మొదలైందా? టాపెట్ బిగించే ముందు ఇది చూడండి

కొత్త రాకర్లు (ఇంజిన్ వాల్వుల్ని నొక్కి తెరిచే చిన్న చేతులు) వేసి, కవర్ బిగించి, ఎంతో ఆశగా తాళం తిప్పగానే ఇంజిన్ కాస్తా రొయ్యల చెరువు గట్టు మీద డీజిల్ ఇంజిన్ లాగ టకటకటకా మొదలెడితే కడుపులో ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసండి, డబ్బులు పోసింది మనం, అరుగు మీద కూర్చుని "ఏంటండి బాబూ కారు కొన్నారా మోటారు కొన్నారా" అని అడిగేది పక్కింటాయన. మాది పాలకొల్లు దగ్గర, తాతగారి అంబాసిడర్, పాత 1489 సీసీ పెట్రోల్ ఇంజిన్ది. రేసు బండేం కాదు గానీ దానికి రెండు కార్బొరేటర్లు వేసి, హెడ్డు కొంచెం చెక్కించి, ఇంగ్లండు నుంచి మా బాబాయి కొడుకు వస్తూ వస్తూ సూట్‌కేసులో పెట్టుకొచ్చిన, కొనలో చిన్న చక్రం ఉండే రోలర్ రాకర్లు వేసేను. ఇంగ్లండు నుంచే ఎందుకంటే మన అంబాసిడర్ పెట్రోల్ ఇంజిన్, వాళ్ళ ఎంజీబీ స్పోర్ట్స్ కారు ఇంజిన్ ఒకే బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) బీ-సిరీస్ కుటుంబం, వాళ్ళ కార్ల కోసం ఇప్పటికీ ఇలాంటి సామాన్లు తయారవుతున్నాయి, మనకి 2014లో ఉత్తరపరాలో బండి తయారీయే ఆగిపోయింది. కిట్టు కొనేముందు మీ హెడ్డుకి సరిపోతుందో లేదో పాత రాకర్ షాఫ్టు పక్కన పెట్టి కొలిచి చూసుకోండి. తర్వాత వచ్చిన ఇసుజు 1800 ఇంజిన్ ఉన్న బండ్లకి మాత్రం ఇది వర్తించదండి, దాని క్యామ్ (వాల్వుల్ని కదిపే గుబ్బల షాఫ్టు) హెడ్డు మీదే ఉంటుంది, లెక్కే వేరు.

అసలు విషయం ముందే చెప్పేస్తాను. చప్పుడు వస్తోంది కదా అని టాపెట్ స్క్రూ తిప్పి రాకర్‌కీ వాల్వు కొనకీ మధ్య గ్యాప్ తగ్గించేయకండి. నేను చేసిన తప్పు అదే, నేను అంటే నేను కాదు, ఒక షెడ్డులో ఇచ్చేను, ఆయన పది నిమిషాల్లో అన్నీ బిగించి "చూడండి ఎంత సైలెంటో" అన్నాడు, నిజంగానే సైలెంటు, నేను మురిసిపోయి ఇంకో వంద ఇచ్చి వచ్చేను. వారం తిరక్కుండా బండి మూడు సిలిండర్ల మీద కుంటింది. హెడ్డు విప్పితే ఎగ్జాస్ట్ వాల్వు అంచు అప్పడం కొరికినట్టు కాలిపోయుంది. ఎందుకంటే ఎగ్జాస్ట్ వాల్వు తన వేడిని ఎక్కువగా సీటు మీద కూర్చున్నప్పుడే వదిలించుకుంటుంది, గ్యాప్ లేకపోతే వేడెక్కి సాగిన వాల్వు పూర్తిగా కూర్చోదు, ఆ సందులోంచి మంట పోతూ పోతూ అంచుని తినేస్తుంది. చప్పుడు చేసే టాపెట్ మనల్ని విసిగిస్తుంది, చప్పుడు చెయ్యనిది మన జేబు కోస్తుంది.

కాబట్టి ముందు చెయ్యాల్సింది వినడం. చప్పుడు రాకర్లదేనా అని తేల్చుకోవాలి. క్యామ్ షాఫ్టు క్రాంకు కన్నా సగం వేగంతో తిరుగుతుంది, ఐడిల్ (బండి కదలకుండా ఇంజిన్ తిరిగే వేగం) నిమిషానికి 800 చుట్ల దగ్గర ఉంటే ఒక్కో వాల్వు నిమిషానికి 400 సార్లు, అంటే సెకనుకి ఆరేడు సార్లు తెరుచుకుంటుంది. ఒక్క రాకర్ వదులైతే వినపడే టిక్కు ఆ లయలోనే ఉంటుంది, కుట్టు మిషను మెల్లగా తొక్కినట్టు. పొడుగాటి స్క్రూడ్రైవరు తీసుకుని పిడి చెవి వెనకాల ఎముకకి ఆనించి, కొనని కవరు మీద ఒక్కో చోట పెడుతూ వెళ్ళండి, ఎక్కడ గట్టిగా తగులుతుందో గుర్తుపెట్టుకోండి. ఇది చేసేటప్పుడు లుంగీ, కండువా వద్దండి, ముందు ఫ్యాను తిరుగుతూ ఉంటుంది, దానికి మన మర్యాద తెలీదు.

రాకర్లు కాని దొంగలు కూడా ఉన్నారు. అంబాసిడర్‌కి పెట్రోల్ పంపు క్యామ్ మీదే నడుస్తుంది, దాని చెయ్యి అరిగితే అచ్చం టాపెట్ లాగే కొడుతుంది, స్క్రూడ్రైవరు పంపు మీద పెడితే దొరికిపోతుంది. ఎగ్జాస్ట్ మానిఫోల్డు ప్యాకింగు ఊదేసినా టిక్కు టిక్కు అంటుంది, అది చల్లగా ఉన్నప్పుడు ఎక్కువ, వేడెక్కేక తగ్గుతుంది, ట్యూనింగు పేరుతో మానిఫోల్డు కదిపిన వాళ్ళకి ఇది మామూలే. ముందువైపు గలగలమంటే టైమింగు చైను. ఇవేవీ కాకపోతేనే కవర్ విప్పండి.

ఇంకో మాట, రోలర్ రాకర్లు వేసేక కొంచెం చప్పుడు పెరగడం సహజమండి. పాత రాకర్ నిష్పత్తి 1.43 దగ్గర ఉంటుంది, చాలామంది వేసేది 1.55. క్యామ్ లోబు 6.35 మి.మీ. ఎత్తుతుందనుకుందాం, పాతదానితో వాల్వు 9.08 మి.మీ. లేస్తుంది, కొత్తదానితో 9.84. అదే సమయంలో ఎక్కువ దూరం పోయి రావాలి కాబట్టి వాల్వు దాదాపు 8 శాతం వేగంగా కదులుతుంది, సీటు మీద పడేటప్పుడు కూడా అంత గట్టిగా పడుతుంది. పైగా రాకర్ అల్యూమినియందైతే మోత తీరే వేరు, పల్చటి రేకు కవరు దానికి డప్పు. అన్ని వాల్వుల దగ్గరా ఒకేలా వచ్చే సన్నటి కుట్టు మిషను చప్పుడుకి భయపడక్కర్లేదు. ఒక్క చోటే గట్టిగా కొట్టడం, వేడెక్కేకొద్దీ పెరగడం, లేదా కీచుమనే పొడి చప్పుడు, ఈ మూడింటిలో ఏది ఉన్నా మాత్రం ఆపేయండి.

ఇప్పుడు కవర్ విప్పేం. రాత్రంతా ఆగిన ఇంజిన్ మీద, తెల్లారుజామున చేసుకోండి, మే నెలలో మన దగ్గర పదింటికే బానెట్టు ముట్టుకోలేం. కవర్ లోపలివైపు తిరగేసి చూడండి ముందు, అక్కడ మెరిసే గీతలు ఉంటే సగం కేసు అక్కడే తేలిపోయినట్టు, కొత్త రాకర్లు పాతవాటికన్నా లావు, ఎత్తు, కవరుకో లోపలి రేకుకో తగులుతుంటాయి. గీతలు కనపడకపోయినా అనుమానం ఉంటే పిల్లల ఆట మట్టి లేదా గట్టిగా కలిపిన చపాతీ పిండి చిన్న చిన్న ముద్దలు రాకర్ల మీద పెట్టి, కవర్ బిగించి, చేత్తో ఇంజిన్ రెండు చుట్లు తిప్పి విప్పండి, ముద్ద ఎంత పల్చబడిందో చూస్తే తెలిసిపోతుంది. (మా అమ్మ చపాతీ పిండి అడిగితే ఎందుకు అనింది, ఇంజిన్‌కి అన్నాను, ఇంక మాట్లాడలేదు.) తగులుతుంటే మందం ప్యాకింగు, లేకపోతే ఎత్తు కవరు.

తర్వాత నూనె. ఇది చాలామంది వదిలేస్తారు, నిజానికి ఇంజిన్ ప్రాణం ఇక్కడే ఉంది. ఈ ఇంజిన్లో రాకర్ షాఫ్టు బోలుగా ఉంటుంది, షాఫ్టుని మోసే నాలుగు పెడెస్టల్స్‌లో ఒకదాని గుండా కిందనుంచి ఆయిల్ వచ్చి షాఫ్టులోకి పోయి అక్కడినుంచి ఎనిమిది రాకర్లకీ చేరుతుంది. రోలర్ రాకర్ల ఎత్తు సరిపెట్టడానికి పెడెస్టల్స్ కింద షిమ్ములు, అంటే పల్చటి రేకు ముక్కలు, వేస్తాం కదా, ఆయిల్ వచ్చే పెడెస్టల్ కింద వేసే షిమ్ముకి కన్నం ఉండాలి, అది కింద కన్నానికి సూటిగా కూర్చోవాలి. లేత్ దగ్గర నాలుగూ ఒకేలా కోయించుకొచ్చి వేసేస్తే ఆయిల్ దారి మూసేసినట్టే, మొదటి పది నిమిషాలు బానే ఉంటుంది, తర్వాత పొడి చప్పుడు, తర్వాత షాఫ్టు గీసుకుపోవడం. షాఫ్టుని పెడెస్టల్లో తిప్పి పెట్టేసినా ఇదే గతి. చెక్ చేయడం తేలిక, ప్లగ్గులు నాలుగూ తీసేసి, కాయిల్ వైరు ఊడదీసి, కవర్ లేకుండా సెల్ఫు కొట్టండి, కొట్టినప్పుడల్లా పది సెకన్లు, మధ్యలో ఆపి. ఆయిల్ ప్రెషర్ వచ్చేక ఎనిమిది రాకర్ల దగ్గరా తడి రావాలి, ఊటలాగ. ఏడు తడిగా ఉండి ఒకటి పొడిగా ఉంటే ఆ ఒకటే మీ టకటక. సరే, ఇంకోటి, చాన్నాళ్ళు షెడ్డులో పడున్న బండైతే కవర్ లోపల తెల్లగా మీగడలాంటిది కనపడొచ్చు, మన తేమకి, చిన్న చిన్న దూరాలు తిప్పడానికి అది వస్తుంది, తుడిచి ఆయిల్ మార్చండి. రేడియేటర్ నీళ్ళు కూడా తగ్గుతుంటే మాత్రం అది తేమ కాదు, హెడ్డు ప్యాకింగు.

ఇక రాకర్ షాఫ్టు విప్పాల్సి వస్తే ఇక్కడ ఒక పెద్ద గొయ్యి ఉంది, పడకండి. ఈ హెడ్డుకి 11 నట్లు, అందులో నాలుగు పెడెస్టల్స్‌ని కూడా అవే పట్టుకుంటాయి. "రాకర్లే కదా" అని ఆ నాలుగే విప్పేస్తే హెడ్డు ఒకవైపు లాగేసి వంకరపోయి, నీళ్ళు సిలిండర్లలోకీ ఆయిల్లోకీ దిగుతాయి. పద్ధతేంటంటే ముందు రేడియేటర్ నీళ్ళు దించేయాలి, తర్వాత 11 నట్లూ కొంచెం కొంచెంగా అన్నీ సమానంగా వదులు చేయాలి. బిగించేటప్పుడు కూడా మధ్యనుంచి బయటికి, మూడు నాలుగు విడతల్లో, టార్క్ రెంచితో. ఎంజీబీ మాన్యువల్ ప్రకారం హెడ్డు నట్లు 45 నుంచి 50 పౌండ్ అడుగులు, అంటే 61 నుంచి 68 న్యూటన్ మీటర్లు, పెడెస్టల్స్‌కి విడిగా ఉండే చిన్న నట్లు 25 పౌండ్ అడుగులు, అంటే 34. మీ ఇంజిన్‌కి వేరే స్టడ్లు వేసుంటే ఆ స్టడ్ల వాళ్ళు చెప్పిన లెక్క వాడండి. టార్క్ రెంచి లేదు, చేతి అంచనా ఉంది అనే మేస్త్రికి మాత్రం నమస్కారం పెట్టి వచ్చేయండి.

పుష్ రాడ్లు (కింద క్యామ్ తోపుని పైన రాకర్లకి అందించే కడ్డీలు) పైకి లాగేటప్పుడు ఊరికే లాగేయకూడదు, ఆయిల్ పట్టుకి కింద క్యామ్ మీద ఆనే టాపెట్ కూడా అతుక్కుని పైకి వచ్చేస్తుంది, వచ్చి పక్కకి పడితే సైడు కవర్లు విప్పాలి. అటూ ఇటూ ఆడించి, అతుకు విడిపించి, అప్పుడు తీయండి. అట్ట ముక్కకి ఎనిమిది కన్నాలు పొడిచి ఏది ఎక్కడిదో అక్కడే గుచ్చండి. తీసిన ప్రతి రాడ్డూ అద్దం మీద దొర్లించండి, వంకరుంటే గంతులేస్తుంది, వెంటనే కనపడుతుంది. రాడ్డు పక్కన ఒకచోట మెరిసే చార ఉందా చూడండి, ఎక్కువ నిష్పత్తి రాకర్లో పుష్ రాడ్ వైపు చెయ్యి పొట్టిగా ఉంటుంది, అందుకని రాడ్డు షాఫ్టు వైపు కొంచెం ఒరుగుతుంది, హెడ్డు కన్నం అంచుకి రాసుకుంటే టక్కు టక్కు. ఆ కన్నం అంచు కొంచెం అరగదీయాల్సి రావచ్చు, అది హెడ్డు విప్పి బల్ల మీద పెట్టి చేసే పనేగానీ బండి మీద ఆకురాయితో చేసేది కాదు, ఇనప పొడి కింద క్యామ్ మీద పడుతుంది. పుష్ రాడ్ గిన్నెలో అడ్జస్టర్ (గ్యాప్ మార్చే స్క్రూ) గుండు సరిగ్గా కూర్చుంటోందో లేదో కూడా చూడండి, గుండు సైజు తేడా ఉంటే గిన్నె అంచు మీదే ఆనుతుంది, ఎంత సెట్ చేసినా రెండ్రోజుల్లో మళ్ళీ వదులే.

ఇక్కడిదాకా అన్నీ బాగుంటే అప్పుడు జామెట్రీ, అంటే రాకర్ వాల్వుని సరిగ్గా నొక్కుతోందో లేదో చూడడం. పేరు పెద్దది, పని చిన్నది. వాల్వు కొన మీద గ్రీజు తుడిచి నల్ల మార్కర్ పెన్నుతో రంగు పూయండి, రాకర్లు బిగించి, గ్యాప్ దాదాపుగా పెట్టి, చేత్తో ఇంజిన్ కొన్ని చుట్లు తిప్పి విప్పి చూడండి. రోలర్ దొర్లిన చోట రంగు పోయి గీత పడుతుంది. గీత సన్నగా, వాల్వు కొన మధ్యలో ఉంటే నిశ్చింత. వెడల్పుగా ఉంటే షాఫ్టు ఎత్తు తప్పు. అంచుకి పోయిందంటే వాల్వుని పక్కకి తోస్తోందన్నమాట, గైడు (వాల్వు కాడ జారే గొట్టం) అరుగుతుంది, అరిగిన గైడులో వాల్వు కొట్టుకోవడం ఇంకో చప్పుడు. లెక్క ఏంటంటే వాల్వు సగం లేచినప్పుడు షాఫ్టు మధ్యనుంచి రోలర్ మధ్యకి గీసే గీత వాల్వు కాడకి మూలమట్టం పెట్టినట్టు సూటిగా అడ్డంగా ఉండాలి. అంటే మూసి ఉన్నప్పుడు రోలర్ ఎంత పైన ఉందో పూర్తిగా తెరిచినప్పుడు అంత కింద ఉండాలి. దానికోసమే షిమ్ములు. నాకైతే ఇది అర్థం కావడానికి రెండు ఆదివారాలు పట్టింది, తాటాకు మీద బొమ్మేసుకున్నాను, నవ్వకండి.

షిమ్ములు వేసి షాఫ్టు పైకి లేపితే పుష్ రాడ్ పొట్టిదైపోతుంది, హెడ్డు చెక్కిస్తే పొడుగైపోతుంది. ఏది ఎక్కువైందో అడ్జస్టర్ మరలు చూస్తే తెలుస్తుంది, కిందివైపు మర మొత్తం బయటికి వచ్చేసి పైన నట్టుకి పట్టు చాలకపోయినా, కింద అసలు మరే కనపడకుండా లోపలికి పోయినా పుష్ రాడ్ పొడవు మార్చాల్సిందే. ఒకటి రెండు మరలతో పట్టుకున్న లాక్ నట్టు రాత్రికి రాత్రి వదులైపోతుంది.

ఎత్తు పెరిగింది కాబట్టి స్ప్రింగు కూడా చూడాలి. వాల్వు పూర్తిగా తెరుచుకున్నప్పుడు చుట్ల మధ్య సందులన్నీ, సందు కొలిచే పల్చటి రేకు ఫీలర్‌తో కొలిచి కలిపితే 1.5 మి.మీ. అన్నా మిగలాలి. చుట్లు ఒకదానికొకటి ఆనుకుంటే అది చప్పుడుతో ఆగదు, పుష్ రాడ్ వంగుతుంది లేదా క్యామ్ పోతుంది. స్ప్రింగు పైన ఉండే గిన్నె గైడుకి తగలకూడదు, అదీ చూసేయండి. ఇంకా రాకర్ల మధ్య పక్కకి ఆట ఎక్కువుంటే కూడా టిక్కు వస్తుంది, పాత సెట్టులో స్ప్రింగులు వాటిని అదిమి ఉంచేవి, కొత్త కిట్టులో గట్టి స్పేసర్లు ఇస్తారు, షిమ్ములతో సరిపెట్టుకోవాలి, కిట్టుతో వచ్చిన కాగితంలో ఎంతో రాసుంటుంది.

ఇప్పుడండీ, ఇంతసేపటికి, గ్యాప్. ముందునుంచి వాల్వులకి 1 నుంచి 8 నంబర్లు పెట్టుకోండి, ఎగ్జాస్టు ఇన్లెట్ ఇన్లెట్ ఎగ్జాస్టు, మళ్ళీ ఎగ్జాస్టు ఇన్లెట్ ఇన్లెట్ ఎగ్జాస్టు, ఇదీ వరస. తొమ్మిది లెక్క గుర్తుంచుకుంటే చాలు, ఏ వాల్వు పూర్తిగా తెరిచి ఉందో దాన్ని తొమ్మిదిలోంచి తీసేయండి, మిగిలింది సెట్ చేయండి. 1 తెరిచుంటే 8, 3 తెరిచుంటే 6, 5కి 4, 2కి 7, అటునుంచి 8కి 1, 6కి 3, 4కి 5, 7కి 2. ఇదే వరసలో తిప్పుకుంటూ పోతే రెండు చుట్లలో ఎనిమిదీ అయిపోతాయి. ప్లగ్గులు తీసేస్తే తిప్పడం తేలిక, పాత బండైతే ముందు హ్యాండిల్ పెట్టే కన్నం ఉంటుంది కదా, దాంతో తిప్పండి, లేకపోతే టాప్ గేరులో వేసి ఎవరినన్నా బండి తొయ్యమనండి.

ఎంత పెట్టాలి? ఎంజీబీకి మామూలుగా చల్లటి మీద 15 థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు), అంటే 0.38 మి.మీ., మా ఇంట్లో అంబాసిడర్‌కి కూడా మొదటినుంచీ అదే పెట్టేవాళ్ళు. క్యామ్ మార్చి ఉంటే క్యామ్ వాళ్ళ లెక్కే లెక్క. రాకర్ మారింది కాబట్టి నిష్పత్తి ప్రకారం క్యామ్ వైపు గ్యాప్ కూడా మారుతుంది, వాల్వు దగ్గర 15 థౌ అంటే 1.43తో క్యామ్ వైపు పదిన్నర, 1.55తో 9.7, కాబట్టి కొత్తదాన్ని ఇంకా తగ్గించాలనే ఆలోచన అసలు పెట్టుకోకండి, అది ఇప్పటికే తగ్గింది. పాత రాకర్ల దగ్గర ఇంకో మోసం ఉండేది, వాటి కింద వాల్వు కొన ఆకారంలో గుంట పడుతుంది, ఫీలరు ఆ గుంట మీద వంతెనలాగ నిలబడి 15 చూపించేది, అసలు గ్యాప్ 20 ఉండేది. రోలర్‌కి ఆ గుంట లేదు, ఫీలరు చెప్పేదే నిజం.

ఫీలరు పట్టు ఎలా ఉండాలంటే కొత్త నోట్ల కట్టలోంచి ఒక నోటు లాగితే ఎలా పట్టి వదులుతుందో అలాగ. లాక్ నట్టు బిగించేటప్పుడు స్క్రూ కూడా దాంతో పాటే తిరిగిపోతుంది, అందుకే బిగించేక మళ్ళీ కొలవాలి, ప్రతిదీ. కాగితం మీద ఎనిమిది గడులు గీసి చల్లటి మీద ఎంత, వేడి మీద ఎంత రాసుకోండి, అల్యూమినియం రాకర్లతో ఆ రెంటికీ తేడా కనపడుతుంది, ఎనిమిదింటిలో ఒక్కటే వేరేగా మారుతుంటే దాని కింద ఏదో ఉంది. ఇంజిన్ నడుస్తుండగా ఫీలరు దూర్చి చప్పుడు ఆగిందా చూసే పాత పద్ధతి పాత రాకర్లకి పర్లేదు, రోలర్లకి వద్దు, ఫీలరుని లోపలికి లాగేసుకుంటుంది.

ఆయిల్ 20-50 మినరల్, పాత ఫ్లాట్ టాపెట్ ఇంజిన్లకి జింకు ఉన్నది చూసి తీసుకోండి. చప్పుడు తగ్గించే మందు డబ్బాల జోలికి నేను వెళ్ళను.

500 కిలోమీటర్లు తిరిగేక హెడ్డు నట్లు మళ్ళీ టార్క్ పెట్టి, గ్యాప్ మళ్ళీ కొలవండి, ఈ వరసలోనే, ఎందుకంటే ప్యాకింగు కుదురుకుని హెడ్డు కొంచెం కిందికి దిగితే గ్యాప్ తగ్గుతుంది. నేను పరీక్ష చేసే చోటు సిద్ధాంతం ఊరి దగ్గర గోదావరి వంతెన, తెల్లారి లారీలు తక్కువున్నప్పుడు ఎడమవైపు అద్దం దించి రెండో గేరులో పోతుంటే వశిష్ఠ మీద గాలికి మిగతా చప్పుళ్ళన్నీ పోయి, పిట్టగోడకి తగిలి ఇంజిన్ చప్పుడు ఒక్కటే తిరిగొస్తుంది. మొన్న విన్నాను, ఏడు ఒకేలా ఉన్నాయి, నాలుగో దాని దగ్గర ఇంకా ఏదో సన్నగా ఉంది, కాగితంలో కూడా దానికే వేడి మీద ఒక థౌ ఎక్కువ చూపిస్తోంది, ఈ ఆదివారం ఆ పుష్ రాడ్ తీసి మళ్ళీ అద్దం మీద దొర్లించాలి.